ఒక్కరే ట్రైలర్ లాగి, ఒక్కరే మాస్ట్ ఎత్తాలంటే ఏ క్యాటమరాన్ కొనాలి?

తెరచాప క్యాటమరాన్ (రెండు పొడవాటి తొట్లను పక్కపక్కన కలిపిన బోటు) కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది అది ఎంత స్పీడుగా వెళ్తుందని. తోడు దొరకని మనిషి ముందుగా అడగాల్సింది మాత్రం దీని మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, పార్కింగ్ లాట్‌లో ఒక్కడినే ఎత్తగలనా, సాయంత్రం అలసిపోయి వచ్చాక ఒక్కడినే దించగలనా అని. నీటి మీద రెండు గంటలు తిరగడానికి ఒడ్డున మూడు గంటలు కష్టపడాల్సి వస్తే మొదటి వేసవి ఎలాగో ఉత్సాహంగా గడిచిపోతుంది. రెండో వేసవికి బోటు టార్పాలిన్ కిందకి వెళ్లిపోతుంది. టెక్సస్‌లో అమ్మకానికి వచ్చే పాత క్యాటమరాన్లలో చాలావాటి పరిస్థితి ఇదే. అందుకే ఈ పోలికలో వేగానికి చివరి స్థానం ఇచ్చాను. మాస్ట్‌దే మొదటి స్థానం.

హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుని అమెరికా వచ్చినవాళ్లకు ఈ సమస్య కొత్తగా ఉంటుంది. అక్కడ ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న బోట్లు క్లబ్బు ఒడ్డునే ఉంటాయి. లేజర్ మాస్ట్ రెండు ముక్కలు. ఒకదానిలో ఒకటి దూర్చి, తెరచాప తొడిగి, బోటులో ఉన్న గుంటలో నిలబెడితే పని అయిపోతుంది. తీగలేవీ ఉండవు. క్యాటమరాన్ సంగతి వేరు. రెండు సన్నటి హల్స్ (నీటిలో తేలే తొట్లు), వాటిని కలిపే రెండు క్రాస్‌బార్లు, మధ్యలో బిగించిన ట్రాంపొలిన్ (మనిషి కూర్చునే గుడ్డ). మాస్ట్ అడుగు ముందు క్రాస్‌బార్ మీద కేవలం ఆని ఉంటుంది, ఏ గుంటలోనూ దిగదు. పక్కలకు రెండు ష్రౌడ్‌లు, ముందుకు ఒక ఫోర్‌స్టే, ఈ మూడు స్టీలు తీగలే దాన్ని నిలబెడతాయి. మూడూ బిగిసేదాకా ఆ స్తంభం మీ చేతుల్లోనే ఉంటుంది. ఇద్దరుంటే ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు బిగిస్తారు. ఒక్కరే ఉన్నప్పుడే అసలు చిక్కు.

ముందు వెడల్పు సంగతి తేల్చుకోండి

టెక్సస్‌తో సహా అమెరికా హైవేల మీద పర్మిట్ లేకుండా లాగగలిగే గరిష్ఠ వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు. కొన్ని రాష్ట్రాల్లో చిన్న రోడ్ల మీద 8 అడుగులే. బీచ్ క్యాటమరాన్లలో ఎక్కువ భాగం 8 అడుగుల దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. ఈ గీత దాటిన బోటును ట్రైలర్ మీద పక్కకు వాల్చి కట్టాలి, లేదా విడదీసి మళ్లీ కలపాలి. 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న టోర్నడో అద్భుతమైన బోటే, కానీ దాని వెడల్పు దాదాపు 10 అడుగులు. ఒక్కరే తిరిగేవాళ్లు దాన్ని ఎంత చవగ్గా వచ్చినా వదిలేయడం మంచిది.

బోట్లు

హాబీ 16 నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే పాత బోట్ల మార్కెట్‌లో నూటికి ఎక్కువసార్లు మీ ముందుకొచ్చేది అదే. హాబీ ఆల్టర్, ఫిల్ ఎడ్వర్డ్స్ కలిసి రూపొందించిన ఈ బోటు 1970 నాటికే బీచ్‌ల మీదకు వచ్చింది, ఇప్పటికి లక్షకు పైగా తయారయ్యాయి. పొడవు 16 అడుగుల 7 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 11 అంగుళాలు, బరువు 145 కిలోలు. హల్స్ కింద డాగర్‌బోర్డులు (నీటిలోకి దించే పలకలు) లేవు కాబట్టి రోలర్ల మీద నుంచి సులభంగా జారుతుంది, ఇసుకలోకి నేరుగా ఎక్కుతుంది. స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. ఇవన్నీ నిజమే. అయితే దీని మాస్ట్ 26 అడుగులు దాటుతుంది, తీగలతో కలిపి 20 కిలోల చుట్టూ తూగుతుంది. 20 కిలోలంటే బియ్యం బస్తా కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. ఆ బరువు నాలుగు మీటర్ల దూరంలో వేలాడుతోందన్నది మరిచిపోకూడదు. అడుగు నుంచి రెండు మీటర్ల దగ్గర పట్టుకుని పడుకున్న మాస్ట్‌ను లేపబోతే చేతికి తగిలేది 40 కిలోలు. ట్రాంపొలిన్ మీద, కాలు కింద మెత్తగా దిగబడే చోట నిలబడి ఎత్తాలి మరి.

హాబీ 16 గురించి అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పని విషయం ఇంకోటి ఉంది. బోల్తా పడితే దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఇద్దరి బరువు కావాలి. 70 కిలోల మనిషి ఒక్కడే తాడు పట్టుకుని వెనక్కి వాలినా చాలా సందర్భాల్లో అది లేవదు. బరువు కోసం నీళ్లు నింపుకునే రైటింగ్ బ్యాగ్ వెంట ఉండాలి, దాన్ని ఒడ్డు దగ్గర ఒకసారి వాడి చూసుకుని ఉండాలి. మాస్ట్ ఎత్తడానికి ఉపాయాలు చాలా ఉన్నాయి గానీ, చెరువు మధ్యలో బోల్తా పడి ఉన్నప్పుడు వాటిలో ఏదీ పనికిరాదు.

హాబీ వేవ్ దీనికి దాదాపు వ్యతిరేకం. మొరెల్లీ అండ్ మెల్విన్ అనే సంస్థ డిజైన్, 1990లలో వచ్చింది. 13 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 111 కిలోలు. హల్స్ పాలిథిలిన్‌తో పోత పోసినవి, రాయి తగిలినా గీత పడుతుందే తప్ప పగలదు. తెరచాప ఒక్కటే, బూమ్ (తెరచాప కింది అంచున ఉండే అడ్డకర్ర) లేదు. మాస్ట్ 20 అడుగులు. మామూలు ఒంట్లో సత్తువ ఉన్న మనిషి ఏ పరికరం లేకుండా దీన్ని ఎత్తేయగలడు. వేగం తక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. చిన్న గాలిలో హాబీ 16 మీ పక్కనుంచి దూసుకుపోతుంది. కానీ ఆఫీసు అయ్యాక ఒక సాయంత్రం నీటిలోకి దిగి చీకటి పడకముందే ఇంటికి చేరగలిగే క్యాటమరాన్ ఇదే.

టెక్సస్‌లో ఉండేవాళ్లకు వేవ్ వల్ల కాగితాల బాధ కూడా తగ్గుతుంది. ఈ రాష్ట్రంలో మోటారు లేని తెరచాప బోటు 14 అడుగుల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 13 అడుగుల వేవ్ దీంట్లోంచి తప్పించుకుంటుంది. 14 అడుగులు, అంతకు మించినవన్నీ రిజిస్టర్ చేయించాలి, హల్ మీద నంబరు అంటించాలి.

హాబీ 14 కూడా పాతవాటిలో దొరుకుతుంది. మొదటి నుంచీ ఒక్కరి కోసమే తయారైన బోటు అది, 110 కిలోల లోపే, మాస్ట్ సుమారు 22 అడుగులు. వేవ్ కన్నా చురుకు. కానీ ఇప్పుడు కనిపించేవి చాలావరకు దశాబ్దాల నాటి ఫైబర్‌గ్లాస్ హల్స్. పైన డెక్ మీద అరచేత్తో గట్టిగా నొక్కితే మెత్తగా లోపలికి వెళ్తే లోపలి ఫోమ్ విడిపోయిందని అర్థం. ఆ బోటు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

పిల్లలతో, అప్పుడప్పుడు ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలతో కూడా తిరగాలనుకునేవాళ్లు హాబీ గెటవే వైపు చూస్తారు. ముందు కూడా ట్రాంపొలిన్ ఉంటుంది, పక్కలకు కూర్చునే రెక్కలు పెట్టుకోవచ్చు. కుటుంబానికి దీన్ని మించిన బీచ్ క్యాటమరాన్ నాకు తెలియదు. అయితే బరువు 177 కిలోలు, మాస్ట్ సుమారు 25 అడుగులు. కుటుంబంతో వెళ్లిన రోజు సాయం ఉంటుంది, ఒక్కరే వెళ్లిన రోజు హాబీ 16కు పడే కష్టమే దీనికీ పడాలి. పరికరం లేకుండా దీన్ని కొనొద్దు.

ఇక ఎఫ్18 తరగతి బోట్లు, వాటిలాంటిదే అయిన నాక్రా 17. వెడల్పు 2.6 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి రోడ్డు మీద ఇబ్బంది లేదు. కానీ ఎఫ్18 మాస్ట్ సుమారు 9 మీటర్లు, బోటు కనీస బరువు 180 కిలోలు, డాగర్‌బోర్డులు, స్పిన్నేకర్ (ముందు కట్టే పెద్ద అదనపు తెరచాప), సర్దాల్సిన తాళ్లు లెక్కలేనన్ని. ఇవి ఇద్దరు కలిసి రేసు చేసే బోట్లు, వాటి అందం అక్కడే ఉంది.

క్యాబిన్ ఉన్న పెద్దవాటిలో జేమ్స్ వారమ్ డిజైన్ చేసిన టికీ 21 పేరు తప్పకుండా వినబడుతుంది. రోరీ మక్‌డూగల్ అనే నావికుడు 1991 నుంచి 1997 మధ్య అదే రకం బోటులో భూమి చుట్టి వచ్చాడు. హల్స్‌ను, దూలాలను తాళ్లతో కట్టి కలిపే పద్ధతి, గాఫ్ (తెరచాప పై అంచును మోసే కర్ర) ఉన్న తెరచాప కావడం వల్ల మాస్ట్ పొట్టి. ఒక్కరికి అది పెద్ద వరమే. కానీ ప్రతిసారీ ట్రైలర్ మీద నుంచి దించి, దూలాలు కట్టి తయారవడానికి గంటల పని. వేసవికి ఒకసారి తీసుకెళ్లి రెండు వారాలు నీటిలోనే ఉంచేవాళ్లకు ఇది బాగుంటుంది. ప్రతి శనివారం తీసి పెట్టేవాళ్లకు కుదరదు. స్టిలెట్టో 27 కూడా ఈ కోవలోదే. దూలాలు లోపలికి జరిగి 8 అడుగుల లోపు ముడుచుకుంటుంది, నీటిలో దాదాపు 14 అడుగులకు విచ్చుకుంటుంది. తెలివైన ఏర్పాటు, కానీ ఒక్కరి బలానికి పెద్ద బోటు.

మాస్ట్ ఎత్తే పద్ధతులు

బోటు ఏదో తేలాక అంతకన్నా ముఖ్యమైన ఎంపిక ఇది. ఏ పద్ధతి అయినా మూడు సమస్యలకు జవాబు చెప్పాలి. పడుకున్న మాస్ట్ మొదటి ముప్పై డిగ్రీలు ఎలా లేస్తుంది? లేచేటప్పుడు పక్కలకు ఒరగకుండా ఏది ఆపుతుంది? నిలబడ్డాక ఫోర్‌స్టే బిగించేదాకా ఎవరు పట్టుకుంటారు? మూడింటికీ జవాబు లేని పద్ధతిని, వీడియోలో ఎంత తేలిగ్గా కనిపించినా, నమ్మకండి.

చేతులతో ఎత్తడం అన్నిటికన్నా పాతది, వేగమైనది. గోడకు పొడవాటి నిచ్చెన నిలబెట్టినట్టే. అడుగు జారకుండా అదిమి ఉంచి, మాస్ట్ కిందుగా చేతులు మార్చుకుంటూ ముందుకు నడవాలి. హాబీ 16కి అడుగు జారకుండా పట్టే చిన్న లింకు, పిన్ను ఉంటాయి. ఎత్తేముందు పెట్టాలి, ఎత్తాక తప్పకుండా తీసేయాలి, లేకపోతే మాస్ట్ తిరగదు. ఈ పద్ధతిలో మొదటి సమస్యకు చవకైన మందు ఉంది. వెనక క్రాస్‌బార్ దగ్గర ఒక ఎత్తైన ఊత పెట్టండి. అడుగు నుంచి మూడు మీటర్ల దూరంలో మీటరున్నర ఎత్తు ఊత ఉంటే మాస్ట్ ముందే 27 డిగ్రీల దాకా లేచి ఉంటుంది. హాబీ 16లో 40 కిలోలుగా తగిలిన బరువు సగానికి వస్తుంది. రెండు చెక్కలు, పైన ఒక ట్రైలర్ రోలర్, అంతకు మించి ఏమీ అక్కర్లేదు. నా అభిప్రాయంలో ఇంతకన్నా లాభసాటి ఖర్చు ఈ మొత్తం వ్యవహారంలోనే లేదు.

మూడో సమస్య దగ్గరే చాలామంది టెన్షన్ పడతారు. మాస్ట్ నిలబడింది, ష్రౌడ్‌లు వెనక్కి ఉండటం వల్ల ముందుకు పడిపోదు, కానీ వెనక్కి పడగలదు. మీరు దాన్ని ముందుకు తోస్తూ నిలబడాలి. ఫోర్‌స్టే కొన బోటు ముక్కు దగ్గర ఉంది, చేయి అందదు. దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. జిబ్ హాల్యార్డ్ (ముందు చిన్న తెరచాపను ఎత్తే తాడు) కొనకైనా, ఫోర్‌స్టే కొనకైనా ఒక పొడవాటి తాడు కట్టి, బోటు ముక్కుల మధ్య తీగ దగ్గర ఒక కప్పీలోంచి పోనిచ్చి, తిరిగి మీ కాళ్ల దగ్గరికి తెచ్చుకోండి. మాస్ట్ లేస్తున్న కొద్దీ ఆ తాడు వదులు లాగుతూ ఉండాలి. నిలబడగానే లాగి క్లీట్‌లో (తాడు బిగించే కొక్కెంలో) బిగిస్తే మాస్ట్ అక్కడే ఆగుతుంది. తర్వాత నింపాదిగా దిగి ఫోర్‌స్టే తగిలించుకోవచ్చు.

రెండో పద్ధతి జిన్ పోల్. మాస్ట్ పడుకుని ఉన్నప్పుడు దాని కొనను ముక్కు వైపు నుంచి తాడుతో లాగితే మాస్ట్ లేవదు. లాగే బలమంతా దాన్ని అడుగు వైపు నొక్కడానికే పోతుంది. కోణం కావాలి. మాస్ట్ అడుగు దగ్గర నిటారుగా ఒక రెండు మీటర్ల గొట్టం నిలబెట్టి, దాని పై కొన నుంచి ఒక తాడు మాస్ట్ పైభాగానికి, ఇంకో తాడు ముందుకి కట్టారనుకోండి. ముందు తాడు లాగితే గొట్టం ముందుకు వాలుతుంది, మాస్ట్ వెనక నుంచి లేస్తుంది. హాబీ 16 మాస్ట్‌కు మొదట్లో 50 కిలోల చుట్టూ లాగాలి. బోటులోని మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు) కప్పీలనే ఇక్కడ వాడుకోవచ్చు. ఆరు రెట్ల కప్పీలైతే, రాపిడి కలుపుకున్నా, చేతికి పది పన్నెండు కిలోలే తగులుతుంది. ఒక్క జాగ్రత్త: గొట్టం కొన దాదాపు మూడు మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఆరు రెట్ల కప్పీలకు 17 మీటర్లకు పైగా తాడు నడుస్తుంది. మామూలు మెయిన్‌షీట్ తాడు సరిపోదు, పొడవైన తాడు వేరేగా కొనుక్కోవాలి. మాస్ట్ సగం లేచాక తాడు అయిపోవడం ఎవరికీ వద్దు.

ఒంటి గొట్టానికి ఉన్న లోపం, అది కూడా పక్కలకు ఊగుతుంది. అందుకే గొట్టానికీ మాస్ట్‌కీ పక్క తాళ్లు కట్టాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ష్రౌడ్‌లు హల్‌కు తగిలే చోటు మాస్ట్ అడుగుకు వెనకగా ఉంటుంది. కాబట్టి మాస్ట్ పడుకుని ఉన్నప్పుడు అవి వదులుగా వేలాడుతుంటాయి, నిలబడ్డాకే బిగుస్తాయి. లేచే దారి పొడవునా అవి పక్కకు ఒరగకుండా ఆపలేవు. వేరే తాళ్లను మాస్ట్ అడుగుతో ఒకే వరుసలో, అంటే ముందు క్రాస్‌బార్ రెండు చివరలకు కడితే, మాస్ట్ ఏ కోణంలో ఉన్నా అవి ఒకే బిగువులో ఉంటాయి. ఆ క్రాస్‌బార్ చివరలు రెండూ దాదాపు ఏడెనిమిది అడుగుల దూరంలో ఉండటం క్యాటమరాన్ అదృష్టం. ఒంటి హల్ బోట్లకు ఇంత మంచి కోణం దొరకదు.

ఏ-ఫ్రేమ్ అంటే ఒక గొట్టం బదులు రెండు. అడుగులు ముందు క్రాస్‌బార్ రెండు చివరల దగ్గర, పై కొనలు కలిసి. తనంతట తాను పక్కలకు ఊగదు, కాబట్టి గొట్టానికి తాళ్లు కట్టే పని తప్పుతుంది, మాస్ట్‌కు మాత్రం కట్టాలి. మోయడానికి రెండు గొట్టాలు, అంతే తేడా. హాబీ 16, గెటవే రెంటికీ ఒక్కరే వాడేవాళ్లకు నా ఓటు దీనికే.

నాలుగోది ట్రైలర్ వించ్‌తో ఎత్తడం. ట్రైలర్ ముందు భాగంలో మాస్ట్ ఆనించే స్తంభం ఎలాగూ ఉంటుంది. దాన్ని ఎత్తు పెంచి, పైన కప్పీ పెట్టి, వించ్ తాడును దాని మీదుగా మాస్ట్‌కు కడతారు. బలం దాదాపు అక్కర్లేదు, మోకాళ్లు, నడుము బాగాలేనివాళ్లకు ఇదే మార్గం. కానీ రెండు షరతులున్నాయి. వించ్ లాగేటప్పుడు ట్రైలర్ కారుకు తగిలించే ఉండాలి, బోటు ట్రైలర్‌కు గట్టిగా కట్టి ఉండాలి, టైర్లకు అడ్డం పెట్టాలి. రెండోది, బోట్ ట్రైలర్లకు వచ్చే మామూలు వించ్‌కు పళ్ల చక్రం, గొళ్లెం మాత్రమే ఉంటాయి. ఎత్తేటప్పుడు అది చాలు. దించేటప్పుడు గొళ్లెం తీయగానే బరువంతా హ్యాండిల్ మీదకు వస్తుంది, చేయి జారితే అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. లోపల బ్రేకు ఉన్న వించ్ మాత్రమే కొనండి. ధరలో కొంచెం తేడా, చేతికి చాలా తేడా.

వేవ్‌కు, హాబీ 14కు చేతులు, వెనక ఊత, ముందు తాడు చాలు. పరికరాలు బిగించే సమయంలో మాస్ట్ ఎత్తేయొచ్చు. 16 అడుగుల బోట్లకు ఏ-ఫ్రేమ్ లేదా వించ్. వాటిని బలంతో ఎత్తగలిగే యువకులు చాలామందే ఉన్నారు, కానీ గాలి విసురు ఒకటి పక్కనుంచి కొడితే బలం లెక్కలోకి రాదు. పక్క గాలిలో అసలు ఎత్తకండి. గాలి బోటు పొడవునా వచ్చేలా కారును తిప్పి పెట్టుకోండి. వెనకనుంచి వచ్చే గాలి ఎత్తేటప్పుడు సాయం చేస్తుంది, దించేటప్పుడు వేగం తగ్గిస్తుంది.

దించడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం ఎక్కువ అక్కడే. మాస్ట్ కిందికి వస్తున్న కొద్దీ బరువు పెరుగుతుంది, మీ ఓపిక తగ్గుతుంది. ఏ పద్ధతి అయినా తాడును ఒక చుట్టు క్లీట్ చుట్టూ తిప్పి వదలండి, ఉత్త అరచేతులతో వద్దు. వెనక ఊత పొద్దున పెట్టిన చోటే ఉందో లేదో ముందు చూసుకోండి.

ఎత్తేముందు పైకి చూడండి. ఇది అలవాటుగా కాదు, ఆగి, నాలుగు వైపులా చూడాలి. ర్యాంపుల దగ్గర కరెంటు తీగలు వెళ్తుంటాయి. అల్యూమినియం మాస్ట్‌లు తీగలకు తగిలి మనుషులు చనిపోయిన తర్వాతే హాబీ సంస్థ మాస్ట్ పైభాగాన్ని కరెంటు పారని ఫైబర్‌తో చేయడం మొదలుపెట్టింది, దాన్నే కాంప్‌టిప్ అంటారు. పాత బోటు కొంటుంటే అది ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, దాని కింద మాస్ట్ అల్యూమినియమే, తీగలు స్టీలే. మాస్ట్ ఎత్తి ట్రైలర్‌ను ర్యాంపు దాకా లాక్కెళ్లే దారంతా మీరు ముందు నడిచి చూసి ఉండాలి.

రోడ్డు మీద

లాగడం వీటిలో తేలికైన భాగం. హాబీ 16, ట్రైలర్ కలిపినా 320 కిలోల చుట్టూ ఉంటాయి. 1,500 పౌండ్లు లాగే సీఆర్-వీ కూడా దీన్ని ఇబ్బంది లేకుండా లాగుతుంది, 3,500 పౌండ్ల సియెన్నాకు వెనక బోటు ఉన్నట్టే తెలియదు. తేలికైన ట్రైలర్‌తో సమస్య బరువు కాదు, టైర్లు. 8 అంగుళాల చిన్న చక్రాలు హైవే వేగంలో విపరీతంగా తిరిగి బేరింగులు వేడెక్కుతాయి. 12 అంగుళాల చక్రాలున్న ట్రైలర్ కోసం వెతకండి. ఉప్పు నీటిలో ట్రైలర్‌ను ముంచకండి. గాల్వెస్టన్, కార్పస్ క్రిస్టీ వైపు వెళ్లేవాళ్లు లావు టైర్ల బీచ్ వీల్స్ మీద బోటును ఇసుకలో నెట్టుకుంటూ వెళ్తారు, ఒక్కరికి కూడా అది సాధ్యమే. లూయిస్‌విల్ లాంటి మంచినీటి సరస్సుల్లో ఈ బాధ లేదు.

హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) మీద పడే బరువు మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. తక్కువైతే ట్రైలర్ పాములా ఊగుతుంది. తెరచాపల పెట్టె ఎక్కడ పెడుతున్నారో ఇందుకే చూసుకోవాలి. స్ట్రాప్‌లు క్రాస్‌బార్ల మీదుగా వేయండి, హల్ మీద బిగిస్తే నెలల్లో గుంట పడుతుంది. చుక్కానులు తీసి కారులో పెట్టండి. మాస్ట్ బోటు కన్నా పది అడుగులు పొడవు కాబట్టి పొడవు టంగ్ (కారుకు తగిలించే ముందు కడ్డీ) ఉన్న ట్రైలర్ అయితే సగం ముందుకు సర్దుకుంటుంది. వెనక నాలుగు అడుగుల కన్నా ఎక్కువ పొడుచుకొస్తే ఎర్ర జెండా తప్పనిసరి, చీకటి పడితే ఎర్ర లైటు. తీగలన్నీ మాస్ట్‌కు నాలుగైదు చోట్ల కట్టేయండి. ఒక ష్రౌడ్ జారి రోడ్డు మీద ఈడ్చుకుపోతే పది మైళ్లలో దాని పోగులు అరిగిపోతాయి.

అసలు దించకుండా ఉంచే దారి

కొన్ని సరస్సుల ఒడ్డున మాస్ట్ ఎత్తిన బోటునే నెలవారీ అద్దెకు ఉంచుకునే చోట్లు ఉంటాయి. హాబీ 16 లేదా ఎఫ్18 మీద మనసు గట్టిగా పడ్డవాళ్లకు నా సలహా ఇదే: ఆ డబ్బు కట్టండి. వసంతంలో ఒకసారి ఇద్దరు స్నేహితులను పిలిచి ఎత్తితే శీతాకాలం దాకా దించక్కర్లేదు. వెళ్లిన అరగంటలో నీటిలో ఉంటారు. టెక్సస్ వసంతంలో వచ్చే గాలివానలకు మాత్రం బోటును నేలలో దింపిన యాంకర్లకు నాలుగు మూలలా కట్టి ఉంచాలి. ఇంటి దగ్గర పెట్టుకోవడానికి హౌసింగ్ అసోసియేషన్ ఒప్పుకోని కాలనీల్లో ఉన్నవాళ్లకు ఎలాగూ ఇదే గతి. ఒకే సరస్సుతో సరిపెట్టుకోవాలన్నదే లోటు.

కొనే రోజు

అమ్మేవాళ్లు బోటును ఎప్పుడూ మాస్ట్ పడుకోబెట్టే చూపిస్తారు. ఎత్తి చూపించమని అడగండి. వాళ్లు ఎత్తాక దించమనండి, తర్వాత మీరు ఎత్తండి, వాళ్లు పక్కన నిలబడి ఉండగా. మీ ఒంటికి అది కుదురుతుందో లేదో ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. బిగించాక ష్రౌడ్‌ల కింది కొన దగ్గర, తీగ బిగింపులోకి దూరే చోట పోగులు తెగాయేమో వేలికి గుడ్డ చుట్టుకుని తడమండి. ఒక్క పోగు తెగినా తీగలన్నీ మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. మాస్ట్ అడుగు ఆనే చోట క్రాస్‌బార్ చీలిందేమో, వంగిందేమో చూడండి. ట్రైలర్ చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పండి, గరగర చప్పుడు వస్తే బేరింగులు పోయినట్టే. 14 అడుగులు, ఆపైన ఉన్న బోటు అయితే టైటిల్ కాగితం మీద ఉన్న నంబరు, హల్ వెనక చెక్కిన నంబరు ఒకటేనా సరిచూసుకున్నాకే డబ్బు చేతికివ్వండి.